వేరొకరు అడ్వాన్సు ఇచ్చిన ఇల్లు కొనాలనుకుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం, మండపేట చుట్టుపక్కల ఇల్లు వెతికేవారు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వింటారు: "ఆ ఇల్లు బేరం అయిపోయిందండీ, అడ్వాన్సు కూడా పడింది." కొందరు అక్కడితో ఆశ వదులుకుంటారు, వదులుకోనక్కరలేని సందర్భాల్లో కూడా. మరికొందరు ఆ సాయంత్రమే అమ్మేవారి ఇంటికి వెళ్లి, ఇంకో రెండు లక్షలు ఎక్కువ ఇస్తాం, మాకే రాయండి అంటారు. రెండో పని చేసినవారిలో చాలామంది తరువాత ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరుగుతారు.

అడ్వాన్సు పడిన ఇంటిని నిశ్చింతగా కొనడానికి రెండే మార్గాలున్నాయి. మొదటివారి, అంటే మీకన్నా ముందు అడ్వాన్సు ఇచ్చినవారి, ఒప్పందం రాతపూర్వకంగా రద్దయ్యాక కొనడం ఒకటి. మొదటివారి సమ్మతితో, వారి సంతకంతో కొనడం రెండోది. కింది జవాబులన్నీ ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి. ఇది అవగాహన కోసం రాసినది. డబ్బు ఇచ్చేముందు మీ కాగితాలన్నీ స్థానిక సివిల్ న్యాయవాదికి తప్పక చూపించండి.

అడ్వాన్సు పడిందంటే ఇల్లు పోయినట్టేనా?

కాదు. ముందు అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలి. ఊళ్లో "అడ్వాన్సు పడింది" అన్న మాటను చాలా రకాలుగా వాడతారు. మధ్యవర్తి చేతిలో పదివేలు పెట్టి మాట అనుకున్నా అదే అంటారు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసి, సాక్షుల సంతకాలు పెట్టించి, ధరలో మూడో వంతు చెల్లించినా అదే అంటారు. అగ్రిమెంటు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ అయి ఉండవచ్చు. మొదటివారు తాళాలు తీసుకుని ఇంట్లో దిగి ఉండవచ్చు. గొడవ వచ్చి దావా కూడా పడి ఉండవచ్చు. మీరేం చేయగలరన్నది వీటిలో ఏది జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం అగ్రిమెంటు ఒక్కటే ఇంటి మీద యాజమాన్య హక్కు ఇవ్వదు. క్రయ దస్తావేజు రిజిస్టర్ అయ్యేవరకు అమ్మేవారే యజమాని. చాలామంది ఇంతవరకే విని ధైర్యం తెచ్చుకుంటారు. అయితే ఆ ఇంటిని తన పేర రాయించుకునే హక్కు అగ్రిమెంటుతో మొదటివారికి వస్తుంది. ఇల్లు చేతులు మారినా ఆ హక్కు దాన్ని వెంటాడుతుంది.

నోటిమాటే కదా, కాగితం లేదు. మేము ఎక్కువ ధర చెబితే తప్పేమిటి?

ఇల్లు అమ్ముతానన్న నోటిమాట ఒప్పందం కూడా చట్టం ముందు ఒప్పందమే. దాన్ని రుజువు చేయడం కష్టం, అంతే. ఈ రోజుల్లో అది కూడా మునుపటంత కష్టం కాదు. ఫోన్ ద్వారా పంపిన సొమ్ము బ్యాంకు ఖాతాలో కనిపిస్తుంది. "ఇంటి అడ్వాన్సు పంపాను బాబాయి గారూ", "అందింది, శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం" అనే రెండు సందేశాలు ఫోన్‌లో ఉంటే అవే సాక్ష్యమవుతాయి. బేరం కుదిర్చిన పెద్దమనుషులు ఎలాగూ ఉంటారు.

ధర మీద మాటలు ఇంకా నడుస్తూ, డబ్బేమీ చేతులు మారకపోతే, మీరు మీ ధర బాహాటంగా చెప్పవచ్చు. అది బేరమే. సొమ్ము పుచ్చుకుని మాట ఇచ్చాక పైనుంచి వచ్చి ఎక్కువ ధర పెట్టడం వేరు. ఆ ఇంటి కోసం పుస్తెల తాడు తాకట్టు పెట్టినవారు ఉంటారు, కువైట్‌లో ఏళ్ల తరబడి పనిచేసి కూడబెట్టినవారు ఉంటారు. వారిని రోడ్డు మీద నిలబెట్టి కొన్న ఇంట్లో, అదే వీధిలో, వారి బంధువుల మధ్య మీ పిల్లలు పెరగాలి. చట్టం గురించి ఆలోచించే ముందు ఇది ఆలోచించండి.

అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదు. అది చెల్లదంటున్నారు, నిజమేనా?

సగమే నిజం, ఆ సగాన్ని నమ్మే చాలామంది నష్టపోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణ వల్ల స్థిరాస్తి విక్రయ అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అయినా రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. రిజిస్టర్ కాని అగ్రిమెంటును కూడా, ఒప్పందం అమలు చేయించమని వేసే దావాలో సాక్ష్యంగా తీసుకోవచ్చు. అందరూ స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా అనేది దీన్నే. కాబట్టి స్టాంపు కాగితం మీద రాసి బీరువాలో దాచుకున్న అగ్రిమెంటు కూడా మీ ఇంటిని కోర్టుకు లాగగలదు.

స్వాధీనం పుచ్చుకున్నవారి సంగతి వేరు. అగ్రిమెంటు ఆధారంగా ఇంట్లో దిగినవారికి చట్టం ఇచ్చే రక్షణ, 2001 సవరణ తరువాత, అగ్రిమెంటు రిజిస్టర్ అయితేనే వర్తిస్తుంది. అలాగని వారిని ఖాళీ చేయించడం సులువని అనుకోవద్దు.

యానాంలో ఇల్లు చూస్తున్నవారికి ఒక మాట. గోదావరి ఒడ్డునే ఉన్నా అది పుదుచ్చేరి పాలనలోని ప్రాంతం. రిజిస్ట్రేషన్ అక్కడి కార్యాలయంలోనే, అక్కడి సుంకాలతోనే జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ సవరణలు అక్కడ వర్తించవు. అక్కడి న్యాయవాదినే అడగండి.

ఈసీ తీయించాం, ఏమీ లేదు. ఇక భయం లేనట్టేనా?

ఈసీలో, అంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టర్ అయిన లావాదేవీలే కనిపిస్తాయి. రిజిస్టర్ కాని అగ్రిమెంటు అందులో ఉండదు. ఊళ్లో జరిగే ఒప్పందాల్లో చాలావరకు అలాంటివే. ఈసీ తీయించడం తప్పనిసరే, కానీ దానితో ఆగిపోకూడదు.

ఇంటి దగ్గరకు వెళ్లండి. ఎవరు ఉంటున్నారో చూడండి. అద్దెకు ఉన్నవారిని నేరుగా అడగండి: ఎవరికి అద్దె కడుతున్నారు, ఈ మధ్య ఎవరైనా ఇల్లు చూసి వెళ్లారా, కొంటామని తమతో ఏమైనా రాసుకున్నారా అని. ఇంట్లో ఉన్నవారి హక్కు ఏమిటో విచారించాల్సిన బాధ్యత కొనేవారిదేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అద్దెకున్నవారికే యజమాని అగ్రిమెంటు రాసి ఉంటే, మీరు అడగకపోవడమే మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది. పక్కింటివారిని, ఆ వీధిలో సరుకుల దుకాణం నడిపేవారిని, ఊళ్లోని దస్తావేజు లేఖరిని అడగండి. ఇళ్ల బేరాల సంగతి వీరికి ముందే తెలుస్తుంది.

తరువాత ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో అమ్మేవారి పేరుతో వెతికించండి. పేరు అక్షరక్రమం రకరకాలుగా రాసి ఉండవచ్చు కాబట్టి ఒక్కసారి చూసి వదలకండి. దావా నడుస్తుండగా కొన్నవారు, ఆ దావా సంగతి తమకు తెలియకపోయినా, తీర్పుకు కట్టుబడాల్సిందే. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను చెప్పేది అదే. ఆ తరువాత న్యాయవాది చేత దినపత్రికలో ప్రకటన ఇప్పించండి: ఫలానా ఆస్తిని మా కక్షిదారు కొనబోతున్నారు, అభ్యంతరాలున్నవారు ఇన్ని రోజుల్లో తెలపండి అని. మీరు దాచిపెట్టి కొనలేదని చెప్పడానికి ఇది పనికొస్తుంది.

"మాకు అగ్రిమెంటు సంగతి తెలియదు" అంటే కోర్టు ఒప్పుకోదా?

నిజంగా తెలియకపోతే, తెలుసుకోవడానికి చేయాల్సినవన్నీ చేసి ఉంటే, పూర్తి ధర చెల్లించి ఉంటే ఒప్పుకుంటుంది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 19వ సెక్షను అలాంటివారినే కాపాడుతుంది. సద్బుద్ధితో, మొదటి ఒప్పందం సంగతి తెలియకుండా, విలువ ఇచ్చి కొన్నవారి మీద అది అమలు కాదు. ఈ మూడింటిలో ఒకటి లోపించినా రక్షణ పోతుంది.

కోనసీమలో ఈ వాదన నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయల బేరం ఎంతకు తెగిందో సాయంత్రానికి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుస్తుంది. ఇల్లు అమ్ముడైన సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? మీకు ఇల్లు చూపించిన మధ్యవర్తే, "ఫలానావారు అడ్వాన్సు ఇచ్చారు గానీ మనం మాట్లాడదాం" అన్నాడనుకోండి. రేపు అతనే మొదటివారి తరఫున బోనెక్కి ఆ మాట చెప్పవచ్చు. ఈ పేజీ చదువుతున్నారంటేనే ఆ ఇంటికి అడ్వాన్సు పడిందని మీకు తెలుసు. కాబట్టి ఈ రక్షణ మీకు లేదనే అనుకుని అడుగు వేయండి.

ఓడిపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. దుర్గాప్రసాద్, దీప్‌చంద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1953లో చెప్పిన పద్ధతినే ఇప్పటికీ కోర్టులు పాటిస్తున్నాయి. మొదటివారికి రాసే క్రయ దస్తావేజులో అమ్మినవారితో పాటు రెండో కొనుగోలుదారు కూడా చేరి సంతకం పెట్టాలి. అంటే మీరు రిజిస్ట్రేషన్ చేయించుకుని, గృహప్రవేశం చేసి, పైఅంతస్తు వేసుకున్నా, చివరికి మీ సంతకంతోనే ఆ ఇల్లు మొదటివారికి వెళుతుంది. మీ డబ్బు కోసం అమ్మినవారి వెంట మీరు తిరగాలి. 2018 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ తరువాత మొదటివారి చేయి మరింత బలపడింది. అంతకుముందు ఒప్పందాన్ని అమలు చేయించాలా, డబ్బు వాపసు ఇప్పించి సరిపెట్టాలా అన్నది చాలావరకు కోర్టు విచక్షణలో ఉండేది. ఇప్పుడు ఆ విచక్షణను బాగా తగ్గించారు.

"వారి అడ్వాన్సుకు రెట్టింపు ఇచ్చి పంపేస్తాను, మీకెందుకు" అని అమ్మే ఆయన అంటున్నారు. నమ్మవచ్చా?

మన ప్రాంతపు అగ్రిమెంట్లలో ఈ షరతు తరచూ కనిపిస్తుంది: కొనేవారు తప్పితే అడ్వాన్సు వదులుకోవాలి, అమ్మేవారు తప్పితే రెట్టింపు ఇవ్వాలి. రెట్టింపు ఇచ్చేస్తే బంధం తెగిపోతుందని ఊళ్లో అందరూ అనుకుంటారు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 23వ సెక్షను అలా చెప్పడం లేదు. ఒప్పందం జరిగి తీరాలన్న ఉద్దేశంతోనే ఆ జరిమానా మొత్తం రాసుకున్నారని కోర్టు భావిస్తే, ఇల్లు రాసివ్వమనే ఆదేశిస్తుంది. డబ్బు ఇచ్చి తప్పుకునే వెసులుబాటును ఇద్దరూ స్పష్టంగా రాసుకుని ఉంటేనే అమ్మేవారికి ఆ దారి ఉంటుంది. కాబట్టి ఆ వాక్యం ఎలా రాశారో మీ న్యాయవాది చదవాలి. అమ్మేవారి నోటిమాట సరిపోదు.

మొదటివారు ఆ రెట్టింపు సొమ్ము ఇష్టపూర్వకంగా పుచ్చుకుని రద్దు పత్రం మీద సంతకం పెడితే సమస్యే లేదు. పుచ్చుకోకపోతే? వారు వద్దంటున్నా ఖాతాలో సొమ్ము వేసేసి "ఇచ్చేశాం" అనడం పరిష్కారం కాదు.

గడువు దాటిపోయింది, మొదటివారు మిగతా సొమ్ము కట్టలేదు. అగ్రిమెంటు దానంతటదే రద్దయినట్టేనా?

సాధారణంగా కాదు. స్థిరాస్తి ఒప్పందాల్లో గడువు తేదీని ప్రాణంగా చూడటం మామూలుగా జరగదు. అలా చూడాలని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి, లేదా పరిస్థితులను బట్టి కోర్టుకు అలా అనిపించాలి. గడువు తేదీ నుంచి మూడేళ్లలోపు మొదటివారు దావా వేయవచ్చు. తేదీ రాసుకోకపోతే, అమ్మేవారు రాసివ్వడానికి నిరాకరించిన సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు లెక్కిస్తారు. అయితే సొమ్ముతో తాము ఎప్పుడూ సిద్ధంగానే ఉన్నామని మొదటివారు రుజువు చేసుకోవాలి. చాలా దావాలు ఓడిపోయేది ఇక్కడే.

మన దగ్గర గడువులు ఎందుకు దాటుతాయో చూస్తే ఇంకో చిక్కు కనిపిస్తుంది. ఆషాఢం వచ్చిందంటారు, శుక్ర మూఢం అంటారు, శూన్యమాసం అంటారు. "మంచి రోజులు రానివ్వండి" అని ఇద్దరూ అనుకుని రిజిస్ట్రేషన్ వాయిదా వేస్తారు. కాగితం మీద గడువు తేదీ మారదు. ఈలోగా ధర పెరుగుతుంది, అమ్మేవారి మనసు మారుతుంది, "గడువు దాటింది కదా" అని మీ దగ్గరకు వస్తారు. వాయిదాకు తానూ ఒప్పుకున్న అమ్మకందారు ఆ తరువాత గడువు మాట ఎత్తడం కోర్టులో నిలవదు. కాబట్టి తేదీ ఒక్కటే చూడకండి. ఆ తేదీ తరువాత వారిద్దరి మధ్య ఏం నడిచిందో అడగండి. గడువు దాటాక కూడా కొంత సొమ్ము పుచ్చుకున్నారా? నోటీసు ఇచ్చారా? దానికి మొదటివారు జవాబిచ్చారా? నోటీసు, జవాబు రెండింటి నకళ్లు చూడకుండా ముందుకు వెళ్లకండి.

రద్దు పత్రంలో ఏముండాలి?

పాత అగ్రిమెంటు తేదీ, ఆస్తి హద్దులు, పుచ్చుకున్న సొమ్ము, తిరిగి ఇచ్చిన సొమ్ము, అది ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లింది, ఇకపై ఆ ఇంటి మీద తనకు ఏ హక్కూ లేదని మొదటివారి ఒప్పుకోలు. అమ్మేవారు, మొదటివారు ఇద్దరూ సాక్షుల ముందు సంతకం పెట్టాలి. అగ్రిమెంటు రిజిస్టర్ అయి ఉంటే రద్దు కూడా రిజిస్టర్ కావాలి, అప్పుడే ఈసీలో కనిపిస్తుంది. అసలు అగ్రిమెంటు కాగితాన్ని వెనక్కి తీసుకుని, దాని మీద కూడా రద్దయినట్టు రాయించండి. అగ్రిమెంటు భార్యాభర్తలిద్దరి పేరా ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. భర్త ఒక్కరే వచ్చి "మా ఆవిడ తరఫున నేను చెబుతున్నాను" అంటే కుదరదు.

సొమ్ము తిరిగి ఇవ్వడం ఎందుకంత ముఖ్యమంటే, మొదటివారు చెల్లించిన అడ్వాన్సుకు ఆ ఇల్లే పూచీ అని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతుంది. మొదటివారి తప్పు వల్ల బేరం చెడకపోతే, ఆ బాకీ ఇంటితో పాటు మీ దాకా రావచ్చు.

అగ్రిమెంటుతో పాటు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (అమ్మేవారి తరఫున వ్యవహరించే అధికారమిచ్చే పత్రం) కూడా కలిపి రిజిస్టర్ చేసి ఉంటే మరింత జాగ్రత్త కావాలి. అలాంటి అధికారాన్ని అమ్మేవారు తమంతట తాము రద్దు చేసుకోవడం సాధారణంగా చెల్లదు.

మొదటి కొనుగోలుదారును నేరుగా కలవవచ్చా?

కలవండి. అమ్మేవారి వెనుక చేరి పన్నాగం పన్నడం కన్నా ఇదే మర్యాద, ఇదే క్షేమం. అమ్మేవారికి ముందు చెప్పి, ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని వెంట తీసుకుని వెళ్లండి. "అన్నయ్య గారూ, మీరు ఆ ఇల్లు తీసుకుంటే మాకు సంతోషమే. ఒకవేళ ఏ కారణం చేతనైనా వద్దనుకుంటే మాకు ఒక్క మాట చెప్పండి, మీకు ఒక్క రూపాయి నష్టం రాకుండా చూస్తాం" అంటే చాలు. బెదిరించవద్దు. "మీకు లోను రాదట కదా" లాంటి మాటలు అనవద్దు.

వారికి నిజంగానే వద్దనిపిస్తే రెండు పద్ధతులున్నాయి. రద్దు చేసుకుని పక్కకు తప్పుకోవడం మొదటిది. రెండోది, మీ క్రయ దస్తావేజులోనే వారు సమ్మతిదారుగా చేరి సంతకం పెట్టడం. మన దస్తావేజు లేఖరులు అగ్రిమెంట్లలో "మీకు గాని, మీరు కోరిన వారికి గాని రిజిస్టరు చేసి ఇవ్వగలవాడను" అని రాస్తారు. ఆ వాక్యం ఉంటే రెండో పద్ధతి సులువు. వారు అడ్వాన్సు మీద కొంత లాభం అడగవచ్చు. ఎన్నాళ్లో తమ డబ్బు అక్కడ చిక్కుకుంది కాబట్టి అందులో అన్యాయం లేదు. కానీ ఆ మొత్తాన్ని కూడా బ్యాంకు ద్వారానే ఇచ్చి, పత్రంలో రాయించండి. నా అభిప్రాయంలో ఈ రెండో పద్ధతే మేలు. రేపు ఎవరూ ఏమీ అనలేరు, ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకోగలరు.

మొదటివారు తప్పుకుంటే మాకే ఇవ్వాలని ఇప్పుడే కొంత సొమ్ము ఇచ్చి ఉంచవచ్చా?

ఇవ్వకండి. ఒకే ఇంటి మీద రెండు అడ్వాన్సులు పుచ్చుకునేవారికి మూడోది పుచ్చుకోవడం కష్టమేమీ కాదు. మీ పేరు, ఫోన్ నంబరు, మీరు ఇవ్వగలిగే ధర, మొదటి ఒప్పందం రద్దయితేనే కొంటామన్న షరతు ఒక ఉత్తరంలో రాసి ఇవ్వండి. ఆ షరతు రాతలో ఉండటం మీకు రక్ష. మొదటివారి ఒప్పందాన్ని మీరే చెడగొట్టారనే ఆరోపణ అప్పుడు నిలవదు. ఈలోగా వేరే ఇళ్లు చూస్తూనే ఉండండి.

తీరా మీ వంతు వచ్చినప్పుడు అడ్వాన్సు నగదుగా ఇవ్వవద్దు. ఇంటి అమ్మకానికి సంబంధించి ఇరవై వేలు, అంతకు మించిన నగదును పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టంలో 2015 నుంచి నిబంధన ఉంది. పుచ్చుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ధర యాభై లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారే ఒక శాతం పన్ను మినహాయించి కట్టాలి. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే ఆ లెక్క వేరు, ఆడిటర్‌ను అడగాలి.

అన్నదమ్ముల్లో ఒకరే మొదటివారికి అగ్రిమెంటు రాశారట. మిగతావారు మాకు అమ్ముతామంటున్నారు.

కోనసీమ మండువా లోగిళ్ల బేరాలు చాలావరకు ఇలాగే చిక్కుపడతాయి. తాతగారు కట్టిన ఇల్లు, కొడుకుల్లో ఒకరు ఊళ్లో, ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో, ఆడపిల్లలు అత్తవారిళ్లలో. ఊళ్లో ఉన్నవారు అందరి తరఫునా మాట ఇచ్చేస్తారు. అడ్వాన్సు పుచ్చుకున్నాక ఎవరో ఒకరు ఒప్పుకోరు.

ఒక్కరు రాసిన అగ్రిమెంటు వారి వాటా మేరకైనా వారిని బంధిస్తుంది. కాబట్టి మిగతావారంతా మీ వైపు ఉన్నా, ఆ ఒక్క వాటా మీద మొదటివారి హక్కు మిగిలే ఉంటుంది. వాటా కొన్న బయటివారికి ఉమ్మడి కుటుంబపు నివాస గృహంలో కలిసి ఉండే హక్కు లేదు. పంపకం దావా వేసుకోవడం తప్ప వారికి దారి లేదు. తండ్రి ఆస్తి వారసులకు కలిసి సంక్రమించినప్పుడు ఒకరు తమ వాటా అమ్మదలిస్తే, ముందు కొనే హక్కు తోటి వారసులకు ఉంటుందని హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షను చెబుతుంది. ఈ సంగతి తెలిసిన సోదరుడు ఒకరు చివరి నిమిషంలో అడ్డం తిరగవచ్చు.

ఆడపిల్లల సంతకాలు మరచిపోవద్దు. 2005 సవరణ, దాని మీద 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ల హక్కు గురించి సందేహానికి చోటు లేదు. "పెళ్లికి కట్నం ఇచ్చాం, ఆవిడకేమీ రాదు" అని అన్నలు చెప్పే మాటను దయచేసి నమ్మకండి. చట్టం కోసమే కాదు, ఆ ఇల్లు ఆవిడది కూడా.

విదేశాల్లో ఉన్నవారు పవర్ పంపితే, అది దేశంలోకి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించారా అని చూడండి. ఇచ్చినవారు జీవించి ఉన్నారో లేదో వీడియో ఫోన్‌లో మాట్లాడి తెలుసుకోండి. ఇచ్చినవారు పోతే మామూలు పవర్ కూడా వారితోనే పోతుంది.

మొదటివారు తమంతట తామే వదులుకున్నారు. మాకు దారి దొరికినట్టే కదా?

ఎందుకు వదులుకున్నారో అడిగారా? డబ్బు సర్దుబాటు కాకపోతే మీకు ఇబ్బంది లేదు. వారు ఇంట్లోనో స్థలంలోనో లోపం చూసి వెనక్కి తగ్గితే, అదే లోపం మీ కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

స్థలం 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన భూముల జాబితాలో, ఉందేమో చూడండి. దేవస్థానం భూముల్లో, ప్రభుత్వం పేదలకిచ్చిన డీ పట్టా భూముల్లో తరతరాలుగా ఇళ్లున్న ఊళ్లు డెల్టాలో చాలా ఉన్నాయి. అసైన్డ్ భూముల అమ్మకాల మీద 1977 చట్టం విధించిన ఆంక్షలు ఇప్పటికీ ఉన్నాయి. కాలువ గట్టు మీద, డ్రెయిను పక్కన కట్టిన డాబా ఎంత బాగున్నా, కింద నేల ఎవరిదో సర్వేయర్‌తో కొలిపించాలి. గ్రామకంఠంలోని (ఊరి నివాస స్థలంలోని) ఇళ్లకు అడంగల్ అనే రెవెన్యూ భూమి రికార్డులో ఆధారం దొరకదు. పాత దస్తావేజులు, వీలునామాలు, పంపకాల కాగితాలే దిక్కు. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. లంకల్లో అయితే నేల నిలుస్తుందా అన్నదే మొదటి ప్రశ్న. ఏటి కోతకు తోటలే పోయిన చోట్లున్నాయి.

వరద సంగతి అమ్మేవారిని కాదు, పక్కవారిని అడగండి. 1986 ఆగస్టులో, 2022 జులైలో నీరు ఎంతవరకు వచ్చింది? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ హెచ్చరిక వచ్చినప్పుడు ఈ వీధిలోవారు ఉన్నచోటే ఉంటారా, పునరావాస కేంద్రానికి వెళతారా? గోడ మీద మరక కొత్త సున్నం కింద దాగుతుంది, పక్కింటి పెద్దావిడ జ్ఞాపకం దాగదు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు దగ్గరగా ఉంటే బోరు నీరు రుచి చూడండి. గోడల అడుగున ఉప్పు పేలిందేమో, నల్లరేగడిలో పునాది కుంగి గోడలు బీటలు వారాయేమో తాపీమేస్త్రీని తీసుకెళ్లి చూపించండి.

దొడ్డి కింద గ్యాస్ పైపులైను వెళుతోందేమో కూడా కనుక్కోవాలి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో జరిగిన పేలుడు మన ప్రాంతంవారు మరచిపోలేదు. పైపులైను కోసం వాడుక హక్కు తీసుకున్న పట్టీ మీద ఇల్లు కట్టడాన్ని, చెరువు తవ్వడాన్ని 1962 నాటి చట్టం నిషేధిస్తుంది.

మేమే మొదటివారం. మా మీదకు ఇంకొకరు రాకుండా ఏం చేయాలి?

అగ్రిమెంటు రిజిస్టర్ చేయించండి. ఖర్చుకు వెనకాడి చాలామంది ఇది మానేస్తారు, నష్టం అంతా అక్కడే మొదలవుతుంది. రిజిస్టర్ అయితే ఈసీలో కనిపిస్తుంది, "తెలియదు" అనే అవకాశం ఇంకెవరికీ ఉండదు. మూఢం వల్ల ఆగాల్సి వస్తే పొడిగింపు కాగితం రాయించి సంతకాలు పెట్టించండి. గృహప్రవేశానికి ముహూర్తం చూసుకోండి, రిజిస్ట్రేషన్‌ను మాత్రం ఆపకండి. మీ దగ్గర మిగతా సొమ్ము సిద్ధంగా ఉందని చూపే బ్యాంకు కాగితాలు, లోను మంజూరు పత్రం భద్రపరచండి. వేరొకరు వస్తున్నారని తెలిస్తే ఆ రోజే ఇద్దరికీ న్యాయవాది ద్వారా నోటీసు పంపండి. అది అందిన క్షణం నుంచి రెండోవారు తెలియని కొనుగోలుదారు కారు.

పోలీసులకు ఫిర్యాదు చేస్తే పని జరుగుతుందా?

మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే ఇద్దరి దగ్గరా సొమ్ము పుచ్చుకున్నారని ఆధారాలుంటే అది నేరం. మాట తప్పడం మాత్రమే అయితే సివిల్ వివాదం. ఇల్లు రాయించి పెట్టే అధికారం స్టేషనుకు లేదు.

అన్నీ సరిపోయాయి. రిజిస్ట్రేషన్ రోజున ఏం చూసుకోవాలి?

ఈసీ ఆ రోజు ఉదయం మళ్లీ తీయించండి. అడ్వాన్సు ఇచ్చిన రోజుకూ ఇవాళ్టికీ మధ్య ఏదైనా దస్తావేజు పడిందేమో అందులో తెలుస్తుంది. రద్దు పత్రం అసలు ప్రతి మీ చేతిలో ఉండాలి. క్రయ దస్తావేజులో పాత అగ్రిమెంటు ప్రస్తావన, అది ఏ తేదీన రద్దయిందో, లేదా మొదటివారు సమ్మతిదారుగా చేరారో స్పష్టంగా రాయించండి. ఇంతకుముందు ఎవరికీ అగ్రిమెంటు రాయలేదన్న మామూలు వాక్యాన్ని లేఖరి అలవాటుగా దించేస్తారు. మీ విషయంలో అది అబద్ధమవుతుంది కాబట్టి తీయించండి. తాళాలు, కరెంటు బిల్లు, లింకు డాక్యుమెంట్ల (ఆ ఇంటి పాత దస్తావేజుల) అసలు ప్రతులు అక్కడే పుచ్చుకోండి. రద్దు పత్రాన్ని, మొదటివారికి సొమ్ము చేరిన బ్యాంకు కాగితాన్ని కూడా ఆ లింకు డాక్యుమెంట్లతోనే కలిపి పెట్టండి. మీరు లోనుకు వెళ్లినప్పుడు బ్యాంకు న్యాయవాది ముందుగా అడిగేది వాటినే.